బడ్జెట్ మర్నాటి జాబితా చూసి టీవీ కొనకండి

బడ్జెట్ పెట్టిన మర్నాడు పొద్దున పేపరు రాగానే కల్వకుర్తి చాయ్ హోటళ్ళలో అందరి కళ్ళూ ఒకే చోట పడతాయి. పెరిగేవి ఇవి, తగ్గేవి ఇవి అని బొమ్మలేసి ఇచ్చే ఆ చిన్న పెట్టె మీద. మధ్యాహ్నానికల్లా షాపుకు అడిగేవాళ్ళు మొదలవుతారు. "కాకా, ఫోన్లు అగ్గువైతయంట గదా, ఇంకో వారం ఆగాల్నా?" రేడియోలు రిపేరు చేస్తూ ఈ బజారులోకి వచ్చి, టీవీలు, ఫ్రిజ్‌లు, ఫోన్లు అమ్ముతూ ముసలివాణ్ణయ్యాను. ఇప్పుడు గల్లా మీద మా పిల్లలు కూర్చుంటున్నారు. ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను కనుక నాకు తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను.

1. జాబితాలో ఉన్న వస్తువు, మీరు కొనే వస్తువు ఒకటి కాకపోవచ్చు.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చాక అమ్మకం పన్ను సంగతి బడ్జెట్ చేతిలోంచి చాలావరకు పోయింది. అది కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే జీఎస్టీ మండలి తేల్చే లెక్క. బడ్జెట్‌లో ఎలక్ట్రానిక్ సామాను మీద మారేది కస్టమ్స్ సుంకం, అంటే బయటి దేశం నుంచి దిగిన సరుకు మీద పడేది.

లెక్క ఎలా నడుస్తుందో చూడండి. బయట తయారైన ఫోను మన ఓడరేవుకో విమానాశ్రయానికో వచ్చేసరికి 10,000 రూపాయలు పడిందనుకుందాం. 2024 జూలై దాకా ఫోన్ల మీద సుంకం 20 శాతం, అంటే 2,000. ఆ సుంకం మీద మళ్ళీ పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి, 200. మొత్తం 12,200 అయింది కదా, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,196. అన్నీ కలిపితే 14,396. ఆ నెల బడ్జెట్‌లో సుంకాన్ని 15 శాతానికి దించారు. అదే ఫోను లెక్క 13,747కు వచ్చింది. తగ్గింది 649 రూపాయలు. దీనిమీద కంపెనీ లాభం, డీలరు లాభం వేరే.

అయితే మన బజారులో పది పదిహేను వేలకు అమ్ముడుపోయే ఫోను ఆ ఓడలో రాదు. అది నోయిడాలోనో శ్రీపెరంబుదూరులోనో బిగించింది. ఈ తేడా అందరికీ కనబడేలా బయటపడింది కూడా అప్పుడే. సుంకం తగ్గగానే ఆపిల్ ధరలు సవరించింది. ఎక్కువగా బయటినుంచి వచ్చే ఐఫోన్ 15 ప్రో రకాల మీద 5,100 నుంచి 6,000 దాకా దించింది. ఇక్కడే బిగించే మామూలు ఐఫోన్ 15 మీద దించింది 300 రూపాయలు. ఐఫోన్ల మీదే తేడా ఇలా ఉంటే, పదివేల ఫోను కోసం వారం ఆగిన రైతుబిడ్డకు మిగిలేదేముంటుంది?

2. సుంకం మరీ ఎక్కువైతే సరుకు దొడ్డిదారిన వస్తుంది.

ఇప్పటి పిల్లలకు నమ్మబుద్ధి కాదు గానీ, 1991 జూలైలో మన్మోహన్ సింగ్ తగ్గించిన తర్వాత కూడా కస్టమ్స్ గరిష్ఠ రేటు 150 శాతం. అంటే నూరు రూపాయల సరుకు మీద నూటయాభై సుంకం. 1995 నాటికి అది 50కి దిగింది. అంతకు ముందు విదేశీ సామాను మామూలు మనిషి చట్టప్రకారం కొనేది కాదు. టీవీ అంటే హైదరాబాదులో ఈసీఐఎల్ చేసిన ఈసీ టీవీ, లేదా మద్రాసు నుంచి వచ్చే డయనోరా, సాలిడేర్. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలకు ముందు రంగుల టీవీలను పరిమితంగా దిగుమతి చేసుకోనిచ్చారు. వాటిలో మా వైపు ఊళ్ళ దాకా వచ్చినవి నా కంట పడలేదు.

వచ్చినవి వేరే. బొంబాయి పనులకు పోయిన మన పాలమూరు కూలీలు పండక్కి తిరిగొచ్చేటప్పుడు చంకలో టూ ఇన్ వన్, అంటే రేడియో టేప్‌రికార్డరు, పట్టుకొచ్చేవాళ్ళు. పైన ఏదో జపాన్ పేరు, లోపల ఏముందో దేవుడికే తెలియాలి. బిల్లు లేదు, గ్యారంటీ లేదు. మూడు నెలలకు మోటారు ఆగిపోతే నా దగ్గరికి తెచ్చేవాళ్ళు. బెల్టు కోసం, హెడ్డు కోసం నేను కోఠి గుజరాతీ గల్లీలో ఒక్కో కొట్టూ తిరిగేవాణ్ణి. దొరక్కపోతే ఇంకో పాడైన సెట్టులోంచి తీసి బిగించేవాణ్ణి. ఆరు నెలల కూలి పెట్టి కొన్న పెట్టె మూగబోయి నా బల్ల మీద ఉంటే, దాని ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూడలేకపోయేవాణ్ణి. దిగుమతి మీద గట్టి అడ్డుగోడ కట్టినప్పుడు బిల్లు లేని మాలు కొని నష్టపోయేది పేదవాడే అని నాకు అప్పుడే తెలిసింది.

ఆ గోడ తగ్గాక కూడా అలవాటు పోలేదు. నాలుగు స్పీకర్ల చైనా ఫోన్ల కాలం గుర్తుందా? ఐఎమ్ఈఐ నంబరు లేని ఆ ఫోన్లకు 2009 నవంబరు ఆఖరుతో సిగ్నల్ ఆపేశారు. పైసలు పెట్టి కొన్న ఫోను పాటల డబ్బాగా మిగిలిపోయినవాళ్ళు మన మండలంలో ఎంతోమంది.

3. వస్తువు మీద సుంకం కన్నా విడిభాగం మీద సుంకాన్ని ఎక్కువ గమనించండి.

ఇది అన్నిటికన్నా ముఖ్యమైనది. దీన్ని పేపర్లు రెండు వరుసల్లో ముగిస్తాయి.

ఎల్ఈడీ టీవీ ఖర్చులో సగానికి పైనే ఓపెన్ సెల్ ప్యానెల్‌ది. వెనక లైట్లు, డబ్బా బిగించకముందు ఉండే అసలు తెర అది. అది ఎక్కువగా బయటినుంచే రావాలి. ఇక దాని మీద సుంకం ఎన్నిసార్లు మారిందో చూడండి. 2018 బడ్జెట్‌లో 10 శాతం వేశారు. నెలా రెండు నెలల్లోనే 5 చేశారు. 2019 సెప్టెంబరులో తీసేశారు. 2020 అక్టోబరు 1 నుంచి మళ్ళీ 5 వేశారు. ప్యానెల్ ఆరువేలు ఉంటే 5 శాతం అంటే 300 రూపాయలు. చిన్న మొత్తమే. కానీ కంపెనీలు అలా చూడవు. 2018లో శామ్‌సంగ్ చెన్నై దగ్గరి ప్లాంటులో టీవీల తయారీ ఆపేసి వియత్నాం నుంచి తయారైన టీవీలనే తెచ్చింది. ఆసియాన్ దేశాలతో మనకున్న ఒప్పందం వల్ల అక్కడినుంచి వచ్చే టీవీకి సుంకం లేదు. ఇక్కడ బిగించుకుందామంటే ప్యానెల్‌కు సుంకం ఉంది. ఇక్కడి కార్మికుడి పని అక్కడికి పోయింది. ఇక్కడి ఫ్యాక్టరీని కాపాడదామని వేసిన పన్ను ఇక్కడి ఫ్యాక్టరీనే ఖాళీ చేయించింది. 2020 జూలై ఆఖర్న టీవీల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేశాక గానీ ఆ దారి మూసుకుపోలేదు.

దసరాకు ముందు నాలుగు రాళ్ళు పెట్టి సరుకు దింపుకునే చిన్న డీలరుకు ఈ మార్పులు నిద్ర పట్టనీయవు. పాత రేటుకు కొన్న సరుకును కొత్త రేటుకు అమ్మాలి, లేదా పెట్టుకుని ఎదురు చూడాలి.

4. ఏ పన్నో తెలియకుండా ఎదురు చూడకండి.

మన పల్లెల్లో ఏ ఇంట్లో చూసినా 32 అంగుళాల టీవీయే ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? గది చిన్నది కావడం ఒక్కటే కారణం కాదు. 2019 జనవరి 1 నుంచి 32 అంగుళాల దాకా జీఎస్టీ 18 శాతం, అది దాటితే 28. పన్ను గీత అక్కడ గీశారు కనుక కంపెనీలు అక్కడే ధర పోటీ పడ్డాయి, జనం అక్కడే ఆగారు. 20,000 అసలు ధర ఉన్న 43 అంగుళాల టీవీ మీద ఆ గీత వల్ల 2,000 ఎక్కువ పడేది.

ఆ గీత 2025 సెప్టెంబరు 22న పోయింది. పెద్ద టీవీలు, ఏసీలు 18లోకి వచ్చాయి. ఎంగిలిపూల బతుకమ్మ మర్నాడే కాబట్టి మన వైపు పండగ బేరాలకు సరిగ్గా కలిసొచ్చింది. పంద్రాగస్టు ప్రసంగంలో ప్రధాని చెప్పిన రోజు నుంచి ఆ తేదీ దాకా బజారులో గిరాకీ ఆగిపోయింది. ఆ ఎదురుచూపులో న్యాయముంది. పెద్ద టీవీకి, ఏసీకి ఆగినవాడు నిజంగానే మిగుల్చుకున్నాడు. కానీ ఫోనుకూ, చిన్న ఫ్రిజ్‌కూ ఆగినవాళ్ళున్నారు. ఫోను అప్పటికే 18లో ఉంది, అందులోనే ఉండిపోయింది. ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు 2018 జూలైలోనే 28 నుంచి 18కి దిగాయి.

5. పెండ్లి సామాను కొనే తండ్రిని వార్తలతో భయపెట్టకండి.

2018 సెప్టెంబరులో రూపాయి పడిపోతుంటే కేంద్రం ఏసీలు, ఫ్రిజ్‌లు, 10 కిలోల లోపు వాషింగ్ మెషీన్ల మీద సుంకాన్ని 10 నుంచి 20 శాతం చేసింది. టీవీలో రాత్రి ఆ వార్త తిరిగింది. "డబుల్" అన్న మాట ఒక్కటే జనం చెవిలో పడింది. డబుల్ అయింది సుంకం, ఫ్రిజ్ ధర కాదు. మన దగ్గర పెండ్లిలో పెట్టే సింగిల్ డోర్ ఫ్రిజ్ ఎక్కువగా దేశంలో తయారయ్యేదే. దాని మీద పడింది కంప్రెసరు సుంకం, అదీ ఏడున్నర నుంచి పదికి.

మాఘంలో పెండ్లి పెట్టుకుని, పత్తి ఇంకా చేతికి రాకముందే వడ్డీకి తెచ్చి ఫ్రిజ్, టీవీ, కూలరు ఇంట్లో దింపుకునే తండ్రులు మన దగ్గర ఉన్నారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి 15,000 తెస్తే నెలకు 300, నాలుగు నెలలకు 1,200. సుంకం వల్ల పెరిగే దానికన్నా ఆ వడ్డీయే ఎక్కువ. కాగితం మీద ఈ లెక్క వేసి చూపించి, పత్తి అమ్మాక రమ్మని పంపాలి. ఆ బేరం వేరే షాపుకు పోతే పోనీ.

6. పన్ను చిన్నదే అనే మాట చేతిలో డబ్బున్నవాడిది.

2020 ఏప్రిల్ 1 నుంచి ఫోన్ల మీద జీఎస్టీ 12 నుంచి 18 అయింది. అప్పటికి లాక్‌డౌన్ మొదలై వారం. సెప్టెంబరు 1 నుంచి సర్కారు బడి పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. ఇంట్లో టీవీ లేనివాళ్ళు, ఉన్నా ఇద్దరు పిల్లలవి రెండు తరగతులైనవాళ్ళు ఫోను కోసం వచ్చారు. 8,000 అసలు ధర ఉన్న ఫోను మీద ఆ ఆరు శాతం అంటే 480 రూపాయలు. ఆ ఏడాది మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 237. అంటే రెండు రోజుల మట్టి పని. ఆ ఫోను వినోదానికి కాదు, ఏడో తరగతి లెక్కలకు. ఢిల్లీలో ఆ రేటు వేసినప్పుడు ఈ చదువు సంగతి ఎవరికీ తెలియదు, ఒప్పుకుంటాను. తెలిసిన తర్వాతైనా ఆ ఏడాదికి దించాల్సింది. నాకు ఇప్పటికీ మింగుడు పడని విషయం ఇది.

7. బయటినుంచి తెప్పించుకునేవాళ్ళకు.

దుబాయ్ నుంచి పెద్ద టీవీ డబ్బాతో దిగే కాలం 2013 ఆగస్టు 26తో అయిపోయింది. ఆ రోజు నుంచి చదును తెర టీవీకి సుంకం లేని సామాను వెసులుబాటు తీసేసి 36.05 శాతం వేశారు. పెద్దవాళ్ళు తెచ్చుకునే ఒక ల్యాప్‌టాప్‌కు మాత్రం సుంకం ఉండదు. అమెరికాలో ఉన్న పిల్లలు తెచ్చే ఫోనుకు ఇక్కడ వారంటీ నడుస్తుందో లేదో ముందే కనుక్కోండి.

ఆ పిల్లలకూ ఇప్పుడు సుంకాల రుచి తెలిసింది. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ సుంకాలు ప్రకటించగానే అక్కడి జనం ఫోన్లకు, కంప్యూటర్లకు ఎగబడ్డారు. పది రోజులు తిరక్కుండానే స్మార్ట్‌ఫోన్లకు, కంప్యూటర్లకు మినహాయింపు వచ్చింది. బడ్జెట్ మర్నాడు కల్వకుర్తిలో పుట్టే కంగారే డల్లస్‌లోనూ పుట్టింది.

8. సుంకం ఫ్యాక్టరీని తేగలదు, బ్రాండును నిలబెట్టలేదు.

2015 ఆగస్టులో శ్రీసిటీ ఫాక్స్‌కాన్‌లో బిగించిన రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖలో విడుదల చేశారు, 6,999 రూపాయలకు. 2017 జూలైలో ఫోన్ల మీద 10 శాతం సుంకం వచ్చింది, డిసెంబరులో 15, మరుసటి ఫిబ్రవరిలో 20. దాంతో ఫోన్లు బిగించే పని దేశంలోకి గట్టిగా వచ్చింది. ఇది మంచిదే, నేను మనసారా మెచ్చుకుంటాను. కానీ మేడ్చల్‌లో ఫ్యాక్టరీ పెట్టిన మన సెల్‌కాన్, రావిర్యాలకు వచ్చిన మైక్రోమ్యాక్స్ ఆ గోడ లోపల ఉండి కూడా చైనా బ్రాండ్ల ముందు నిలవలేదు. బ్యాటరీ, కెమెరా, సర్వీసు ఎవరిది బాగుంటే జనం వాళ్ళ వైపు పోయారు. తప్పు పట్టలేం.

ఇప్పుడు మన శ్రీశైలం రోడ్డు మీద ఆమనగల్లు, కడ్తాల్ దాటి తుక్కుగూడ చేరితే ఫ్యాబ్ సిటీ. అక్కడ టీవీలు బిగిస్తున్నారు. కాస్త అవతల కొంగరకలాన్‌లో ఎయిర్‌పాడ్స్ కోసం ఫాక్స్‌కాన్ 2023 మేలో శంకుస్థాపన చేసింది. ఐటీఐ చేసి ఖాళీగా ఉన్న పిల్లలు మన తాలూకాలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. వాళ్ళు ఆ గేటు లోపలికి పోవాలి. పోయాక ఆ పని అక్కడే ఉండాలి. దానికి ఢిల్లీ నుంచి నేను అడిగేది ఒక్కటే. ప్యానెల్ మీద, చిప్పు మీద, కంప్రెసరు మీద సుంకం ఇంత అని చెప్పి, ఐదేళ్ళ దాకా దాన్ని కదపబోమని రాసివ్వండి. రేటు ఎక్కువైనా సరే, తక్కువైనా సరే, ఫ్యాక్టరీవాడు దాని మీద లెక్క వేసుకుంటాడు, డీలరు సరుకు దింపుకుంటాడు, పత్తి అమ్మిన రైతు తనకు వీలైన రోజున వచ్చి కొనుక్కుంటాడు.