పంచాయతీకి ల్యాప్‌టాపు కొనుటకు ముందు

ఎద్దును కొనబోవు రైతు నోరు తెరచి పళ్ళు చూచును. నిగనిగలాడు చర్మమును చూచి మోసపోడు. పంచాయతీ కార్యాలయమునకు ల్యాప్‌టాపు కొనునప్పుడు మాత్రము మనము పైమెరుగును, పలుచదనమును చూచి తృప్తిపడుచున్నాము.

హైదరాబాదులోని అమీర్‌పేట కంప్యూటరు శిక్షణాలయములకు పేరొందిన చోటు. అచ్చటినుండి మెట్రోలో ఒక్క స్టేషను దూరమున మధురానగర్ ఉన్నది. అక్కడి ఒక మరమ్మతు దుకాణమునకు మేము ఇటీవల వెళ్ళియుంటిమి. మేమున్నప్పుడే ఒక గ్రామ కార్యదర్శి పంచాయతీ ల్యాప్‌టాపును తెచ్చెను. చవుకగా వచ్చినదని కొన్నది. నాలుగేండ్ల ఇంటిపన్ను లెక్కలు అందులో నున్నవి. మదర్‌బోర్డు చెడినది. మరమ్మతుదారు అడుగుపలక విప్పి చూచి పెదవి విరిచెను. లెక్కలు నిలువయుండు చిప్పు బోర్డుకే టంకము వేయబడియున్నది. దానిని ఊడదీసి చదువుటకు ప్రత్యేక సాధనములు కావలెను. ఖర్చు హెచ్చు, ఫలితమునకు హామీ లేదు. “విడి డిస్కు ఉన్నట్లయితే మరియొక యంత్రమునకు తగిలించి ఇప్పుడే చూపెడివాడను” అని అతడనెను. లెక్కలకు వేరు నకలు తీసియుండలేదు. మేము వచ్చునప్పటికి ఆ కార్యదర్శి పాత రసీదు పుస్తకములు ఊరిలో నున్నవో లేవో ఫోనులో విచారించుచుండెను.

కావున మొదట అడుగవలసినది డిస్కును గూర్చియే: అది విడిగా తీయుటకు వీలగునా? తరువాత ర్యామ్. సన్నని యంత్రములలో పెక్కింట ఇదియు టంకము వేసియే వచ్చును; కొన్ననాడు 8 జీబీ యున్నచో కడవరకు 8 జీబీయే. ఖాళీ స్లాటున్నచో మరుసటి యేడు నిధులు వచ్చినప్పుడు పెంచుకొనవచ్చును. డీడీఆర్4 స్లాటులో డీడీఆర్5 పట్టదు. రకము చూచి కొనవలెను. బ్యాటరీ ఎట్లును కొన్నేండ్లకు అరిగిపోవునదే. అది జిగురుతో గాక స్క్రూలతో బిగించియుండుట మేలు.

ప్రాసెసరు సంగతి వేరు. నేటి ల్యాప్‌టాపులలో దానిని మార్చుట దాదాపు అసాధ్యము. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినప్పుడు, ప్రాసెసరు పాతదైన కారణముచే విండోస్ 11కు అర్హత లేని యంత్రములెన్నో మిగిలిపోయినవి. ఉన్న సొమ్ములో ప్రాసెసరుకే హెచ్చు పెట్టి, ర్యామ్ తరువాత చేర్చుకొనుట తెలివియని మా అభిప్రాయము.

డెల్, హెచ్‌పీ, లెనోవో సంస్థలు తమ కార్యాలయ తరగతి నమూనాలకు విప్పుట, బిగించుట తెలుపు మాన్యువళ్ళను ఇంటర్నెట్టులో ఉంచుచున్నవి. కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారముల శాఖ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టలును ప్రారంభించినది. కొనుటకు ముందే కార్యదర్శిచే ఆ మాన్యువలు తెరిపించి చూడుడు.

కొటేషన్లు పిలుచునప్పుడు ఈ మాటలు వ్రాయించుడు: “డిస్కు, బ్యాటరీ విడిగా మార్చుటకు వీలుగా నుండవలెను, ర్యామ్‌కు ఒక స్లాటు ఖాళీగా నుండవలెను.” విప్పినచో వారంటీ పోవునని అంగడివారు చెప్పినచో, ఆ మాటనే కాగితముమీద వ్రాసి సంతకము చేసి యిమ్మని అడుగుడు.