పడినవానిని నిలుపు సహవాసము

గుంటూరు

చిరంజీవియగు మేనల్లునికి మామయ్య వ్రాయునది.

నీ యుత్తరము చేరినది. చదువు నిమిత్తము న్యూయార్కు నగరమున నివసించుచు, తీరిక దొరకిన సాయంకాలములందు అచటి నిరాశ్రయుల వసతిగృహమున అన్నము వడ్డించుచున్నావని చదివి మీ అత్తయ్యయు నేనును మిక్కిలి సంతోషించితిమి. అయితే మాసముల కొలది త్రాగుడు మాని, ప్రార్థనకూటమున సాక్ష్యము చెప్పి, పనిలో కుదురుకొన్న యొక మనుష్యుడు మరల మద్యమునకు లోబడి వీధిపాలయ్యెనని దుఃఖించి, విశ్వాసము నిజముగా వీరిని బాగుచేయుచున్నదా, లేక ఆకలిగొన్నవారికి అన్నము చూపి మనము ప్రార్థన చేయించుచున్నామా అని నీవడిగిన ప్రశ్న తేలికగా దాటవేయదగినది కాదు. దానికి సమాధానము నీవున్న నగరపు చరిత్రలోనే కలదు.

ఆ నగరపు రేవునకు చేరువనున్న వాటర్ వీధిలో, 1872వ సంవత్సరము అక్టోబరు మాసమున, జెర్రీ మెకాలే యను నతడును అతని భార్య మరియాయును త్రాగుబోతుల కొరకును దిక్కులేనివారి కొరకును ఒక ప్రార్థనశాల తెరచిరి. ఐర్లండులో జన్మించి, బాల్యముననే అమెరికా చేరి, నదిపై దొంగతనములు చేయుచు బ్రదికి, పందొమ్మిదేండ్ల ప్రాయమున పదునైదేండ్ల శిక్ష పొంది సింగ్‌సింగ్ కారాగారమున ప్రవేశించిన యా మెకాలే, తానెరిగిన యొక పూర్వపు ముష్టియోధుడు మారుమనస్సు పొంది వచ్చి ఖైదీల యెదుట సాక్ష్యము చెప్పగా విని, తన గదిలో మోకరించి ప్రార్థించి విశ్వాసియయ్యెను. 1864లో క్షమాభిక్ష లభించి బయటికి వచ్చెను. కాని వచ్చినవానికి తలదాచుకొన మంచి చోటు లేదు. పలుకరించు విశ్వాసి లేడు. మర్యాదగల పని లేదు. కావున మరల పాత సావాసములోను త్రాగుడులోను పడెను. లేచిన పిదపను అనేక పర్యాయములు జారెను. చెరసాలలో అతడు పొందిన విశ్వాసము అబద్ధమని దీనినిబట్టి యనవచ్చునా? అనరాదు. విశ్వాసము నిజమైనదే, దానిని నిలుపుకొనుటకు వలసిన గూడును తోడును మాత్రమే అతనికి కరవయ్యెను. తనకేది లోపించెనో దానినే అతడు పరులకొరకు వాటర్ వీధిలో నిర్మించెను. నేను నీకు చెప్పదలచిన దంతయు ఈ యొక్క వాక్యములో నున్నది. తక్కినది దీని వ్యాఖ్యానము.

తరువాతి కాలమున మెకాలేయే 32వ వీధిలో స్థాపించిన మరియొక మందిరమునకు 1882లో శామ్యూల్ హాడ్లీ యను నతడు వచ్చెను. ఇల్లును మిత్రుడును లేక, అమ్మదగిన దెల్ల అమ్మి త్రాగి, హార్లెములోని మద్యశాలలో మరణమునకు సిద్ధుడై కూర్చున్న యా మనుష్యుడు, మందిరమున ప్రార్థించి విముక్తుడై, 1886 మొదలు 1906లో మరణించువరకు వాటర్ వీధి మందిరమునకే అధ్యక్షుడుగా నుండి తనవంటివారిని చేరదీసెను. తత్త్వవేత్తయగు విలియం జేమ్సు మతానుభవముల గూర్చి రచించి 1902లో ప్రకటించిన ఉద్గ్రంథమున ఈ హాడ్లీ వృత్తాంతమును చేర్చెను. 1934 డిసెంబరులో, అదే నగరపు వైద్యశాలలో త్రాగుడు మానుటకై చేరిన బిల్ విల్సన్ యను మరియొక దౌర్భాగ్యుడు ఆ గ్రంథమునే చదివెను. అంతకుముందు అతని చిన్ననాటి మిత్రుడొకడు, తానును త్రాగుబోతై చెడి, కాల్వరీ దేవాలయమువారి నిరాశ్రయుల మందిరమున నివసించుచు బాగుపడి, అతని యింటికి వచ్చి తన మార్పును గూర్చి చెప్పియుండెను. ఖైదీకి ముష్టియోధుడు, హాడ్లీకి మెకాలే, విల్సనునకు ఈ మిత్రుడు: ఒకడు లేచి మరియొకని లేపుచు వచ్చిన ఈ పరంపరను చూడుము. దూరమున నిలిచి బోధించిన పండితుడు ఇందెచటను లేడు.

తాను బాగుపడిన పిమ్మట విల్సన్ మాసముల తరబడి ఇతర త్రాగుబోతులకు దైవానుభవమును ఉత్సాహముతో బోధించెను, ఒక్కడైనను మారలేదు. అప్పుడు వైద్యుడగు సిల్క్‌వర్త్, బోధ తగ్గించి, ఇది దేహమును మనస్సును కూడ పట్టు వ్యాధియని ముందుగా వారికి తెలుపుమని అతనికి ఉపదేశించెను. 1935 మే మాసమున అక్రాన్ నగరమున వ్యాపారము చెడి, త్రాగవలెనను కోరిక తన్ను పీడింపగా, తానే రక్షింపబడుటకై మరియొక త్రాగుబోతును వెదకుచు బయలుదేరిన విల్సనునకు వైద్యుడగు బాబ్ స్మిత్ లభించెను. ఆ వైద్యుడును వెంటనే నిలువలేదు. వైద్యసభకు వెళ్లి మరల త్రాగివచ్చెను. మిత్రులతనిని విడువలేదు. ఆ సంవత్సరము జూన్ 10వ తేదీన అతడు త్రాగిన పాత్రయే కడపటిదయ్యెను. ఆ దినమే, త్రాగుడు మానగోరువారు ఒకరికొకరు తోడగు ఆల్కహాలిక్స్ అనానిమస్ సంస్థకు జన్మదినముగా నెంచబడుచున్నది. నేడా సంస్థ ఏ మతమునకును చెందినది కాదు. కాని దాని వేరులు ఆ క్రైస్తవ సహవాసములలో నున్నవి.

మార్కు సువార్త అయిదవ అధ్యాయమున గెరాసేనుల దేశపు మనుష్యుని వృత్తాంతము నీవు బాల్యమునుండి వినినదే. ఇల్లు లేక సమాధులలో నివసించిన యతనిని ఊరివారు సంకెళ్లతో బంధింపజూచి ఓడిరి. ప్రభువు స్వస్థపరచిన పిదప అతడు బట్టలు కట్టుకొని కుదురుగా కూర్చుండెను. ఆ బట్టలెవరు తెచ్చిరో సువార్త చెప్పదు. ఎవడో యొకడు తన వస్త్రము నిచ్చియుండవలెను. వెంట వచ్చెదనని బ్రతిమాలినవానిని ప్రభువు తన యింటికి, తనవారి యొద్దకు పంపెను. విడుదల దేవుని కార్యము. వస్త్రము నిచ్చుట మన కార్యము. ఇల్లు చేరినప్పుడే ఆ స్వస్థత సంపూర్ణము.

ఇక నీవు చేయవలసినవి వినుము. చిరకాలము అధికముగా త్రాగినవాడు హఠాత్తుగా మానినచో మూర్ఛలును మతిభ్రమయు కలిగి ప్రాణాపాయము కూడ సంభవింపవచ్చును. కావున అట్టివానిని మొట్టమొదట వైద్యునికి చూపుము. ప్రార్థించుచున్నాము గదా యని ఔషధమును నిరాకరింపజేయుట విశ్వాసము కాదు, సాహసము. అన్నమునకు ప్రార్థనను వెలగా ఎన్నడు నిర్ణయింపకుము. తిని మారుమాటాడక వెడలిపోవువానికిని, అన్యమతస్థునికిని, మరునాడు అదే ఆదరముతో వడ్డింపుము. రక్షణ సైన్యమును స్థాపించిన విలియం బూత్ 1890లో వెలువరించిన గ్రంథమున, లండను వీధిలో బండిగుఱ్ఱము పడినచో తప్పెవరిదని విచారింపక ముందుగా లేవనెత్తుదురనియు, బ్రదికినన్నాళ్లు దానికి మేతయు నీడయు పనియు దొరకుననియు చెప్పి, మనుష్యునికి అంతమాత్రమైనను దక్కవలదా యని ప్రశ్నించెను. విశ్వాసమును చెప్పు నోరు ఈ మూడింటిని సమకూర్చు చేతితో కూడియుండవలెను. వసతిగృహమునుండి బయలుదేరువానికి అద్దెగది యెచట, పని యెచట, ఆదివారము అతని ప్రక్కన కూర్చుండువాడెవడు అని ముందే విచారింపుము.

కొత్తగా బాగుపడినవానిని సభలకు త్రిప్పి సాక్ష్యములు చెప్పింపవలదు. పొగడ్తలలో బంధితుడైనవాడు జారినప్పుడు సిగ్గుచే తిరిగి రాలేడు. రాత్రులు నీ వొంటరిగా వీరి భారమును మోయబూనకుము. అప్పు అడిగినచో సొమ్మీయక, కావలసిన వస్తువును పెద్దల అనుమతితో కొనియిమ్ము. పడినవానిని చూచి నీ సేవ వ్యర్థమైనదని తలంపకుము. అట్లు తలంచుట, అతని జీవితమును నీ విజయమునకు కొలబద్దగా చేసికొనుట యగును.

నీవు ప్రేమించిన యా మనుష్యుడిప్పు డెచట పరుండుచున్నాడో వసతిగృహమువారినడిగి తెలిసికొని, వారిలో అనుభవజ్ఞుడైన యొకనిని, సాధ్యమైనచో ఒకప్పుడు తానును త్రాగి మానినవానినే, తోడుగొని ఈ వారమే పోయి కలిసికొనుము. ఎందుకు త్రాగితివని అడుగక, భోజనము చేసితివా యని అడుగుము; వసతిగృహమున నీ స్థానము నీకున్నదని చెప్పుము. అతడు రానిచో వచ్చు వారము మరల పొమ్ము. మీ అమ్మ నీ ఆరోగ్యమును గూర్చి కలత చెందుచున్నది. వెంటనే ఆమెకు ఉత్తరము వ్రాయుము. ప్రభువు నీకు ఓర్పును, వివేకమును, అలయని ప్రేమను అనుగ్రహించుగాక.

ఇట్లు,
నీ క్షేమము కోరు
మామయ్య