నలుగురూ పనిచేసే చోట వెల్డింగ్: జాగ్రత్తల పాఠం

పుదుచ్చేరిలో పాత ఫ్రెంచి వీధులకు ఉత్తరాన, సముద్రపు ఒడ్డున ఉన్న మత్స్యకారుల వాడ వైతికుప్పం. మాసిమగం నాడు చుట్టుపక్కల ఊళ్ల దేవుళ్లను తీర్థవారికి తెచ్చేది ఈ ఒడ్డుకే. ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. అందుకే తీరంలో బండి చట్రమో, ఇంటి గేటో ఏదో ఒకటి ఎప్పుడూ అతుకు కోరుతూనే ఉంటుంది.

6 నుంచి 8 తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తి నిపుణుల దగ్గర పని తెలుసుకోవాలని జాతీయ విద్యా విధానం 2020 సూచించింది. వెల్డింగ్ షాపుకు వెళితే మనం యంత్రాన్ని ముట్టుకోము, పక్కన నిలబడి చూస్తాము. అయితే చూసేవారికీ ప్రమాదం ఉంది. ఆ సంగతి తెలుసుకోవడమే ఈ పాఠం.

ఒకే యంత్రం, మూడు పద్ధతులు

ఇప్పుడు మూడు పద్ధతుల్లో పనిచేసే వెల్డింగ్ యంత్రాలు వచ్చాయి.

1. రాడ్డు వెల్డింగ్: రాడ్డు మీది పూత కాలి, ఆ పొగ కరిగిన లోహాన్ని గాలి తగలకుండా కాపాడుతుంది.
2. మిగ్: చుట్టలోంచి తీగ దానంతటదే వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ గానీ, ఆర్గాన్ కలిపిన వాయువు గానీ రక్షణ ఇస్తుంది.
3. టిగ్: టంగ్‌స్టన్ సూది దగ్గర ఆర్క్ పుడుతుంది. రక్షణకు ఆర్గాన్ వాడతారు.

పద్ధతి మారితే వాయువు, తీగ, పాజిటివ్–నెగెటివ్ కనెక్షన్లు కూడా మారతాయి. ఉదాహరణకు ఇనుముకు టిగ్ చేసేటప్పుడు టార్చిని నెగెటివ్‌కు, మామూలు మిగ్ తీగతో చేసేటప్పుడు పాజిటివ్‌కు కలుపుతారు. నలుగురూ వాడే యంత్రం మీద ముందు పనిచేసినవారి అమరిక అలాగే ఉండిపోవచ్చు. రాడ్డు పద్ధతిలో స్విచ్చి వేసి ఉన్నంతసేపూ హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. బల్ల మీద ఊరికే పడి ఉన్నట్టు కనిపించినా అది ఊరికే లేనట్టే. కాబట్టి మొదటి నియమం: యంత్రం ఆపి, అమరిక చూసి, వాడని హోల్డర్‌ను, టార్చిని విప్పి పక్కన పెట్టాకే పని మొదలుపెట్టాలి.

పక్కవారి కళ్లు

ఆర్క్ నుంచి అతినీలలోహిత కిరణాలు వస్తాయి. అవి తగిలినప్పుడు నొప్పి తెలియదు. కొన్ని గంటల తర్వాత, తరచు రాత్రిపూట, కళ్లలో ఇసుక పోసినట్టు మంట పుడుతుంది, నీళ్లు కారతాయి. పనివాడికి మాస్కు ఉంటుంది, పక్కవాడికి ఉండదు. అందుకే నిప్పంటని తెర కట్టాలి, ఆర్క్ వెలిగించే ముందు “కళ్లు!” అని కేక వేయాలి. చూడాలనుకునేవారికి కూడా వెల్డింగ్ మాస్కు కావాలి. మామూలు చలువ కళ్లద్దాలు పనికిరావు.

గాలి: కావాలి, వద్దు

సముద్రపు గాలి బలంగా వీస్తే మిగ్, టిగ్‌లలో రక్షణ వాయువు చెదిరిపోయి అతుకులో చిల్లులు పడతాయి. అలాగని తలుపులన్నీ మూస్తే పొగ మన ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ గాలి కంటే బరువైనవి. లీకైతే గుంటల్లో, పడవ అడుగున చేరి ప్రాణవాయువును నెట్టేస్తాయి. కాబట్టి గాలిని అడ్డుకునే తెర పని దగ్గర మాత్రమే ఉండాలి, షాపులోకి గాలి ఆడుతూ ఉండాలి. జింకు పూత ఉన్న రేకును అతికితే వచ్చే పొగ జ్వరం తెప్పిస్తుంది, ముందుగా ఆ పూతను తీసేయాలి.

నిప్పు, కరెంటు

నిప్పురవ్వలు పది మీటర్ల దాకా ఎగిరిపడగలవు. నైలాన్ వలలు, డీజిల్ డబ్బాలు, ఫైబర్ పడవలకు పూసే రెజిన్ ఆ పరిధిలో ఉండకూడదు. ఖాళీ అయిన ఇంధనం ట్యాంకు మరీ ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది. పని అయిపోయాక కనీసం అరగంట ఒకరు అక్కడే కాపలా ఉండాలి, ఎందుకంటే మూలన పడిన రవ్వ నెమ్మదిగా రాజుకుంటుంది.

చెమట పట్టిన చర్మం గుండా కరెంటు తేలిగ్గా పోతుంది. ఉప్పు తేమకు కనెక్షన్లు తుప్పు పడతాయి. అందుకే పొడి గ్లౌజులు, నూలు బట్టలు, బూట్లు ఉండాలి. ఎర్త్ క్లాంపును అతికే చోటికి దగ్గరగా, గీకి శుభ్రం చేసిన లోహం మీద పెట్టాలి. సిలిండర్‌ను నిలువుగా గొలుసుతో కట్టాలి.

పని ముగిశాక

యంత్రం ఆపాలి, సిలిండర్ వాల్వు మూయాలి, వేడి ముక్క మీద సుద్దతో “వేడి” అని రాయాలి. చల్లబడిన ఇనుమూ కాలుతున్న ఇనుమూ చూపుకు ఒకేలా ఉంటాయి. తర్వాత వచ్చేవాడికి ఆ ఒక్క మాట చెయ్యి కాపాడుతుంది.

మన భద్రత మన చేతిలో ఉందంటారు. నలుగురూ పనిచేసే చోట మాత్రం అది పక్కవాడి చేతిలోనూ ఉంది, వాడిది మన చేతిలో ఉంది.

ఆలోచించండి

1. వెల్డింగ్ చేయనివారికి కూడా కంటి రక్షణ ఎందుకు?
2. తలుపులన్నీ మూసి మిగ్ చేయడం ఎందుకు తప్పు?
3. మన బడి ప్రయోగశాలలో తర్వాతి తరగతి వారి కోసం మనం వదిలి వెళ్లవలసిన గుర్తులు ఏమిటి?