తోడు పెట్టాక కదపకూడదు

రాత్రి గోరువెచ్చని పాలలో అమ్మ చెంచాడు తోడు వేసి మూత పెడుతుంది. తెల్లారేసరికి గిన్నెడు పాలూ పెరుగై ఉంటాయి. చిన్నప్పుడు తోడుకుందో లేదోనని మాటిమాటికీ మూత తీసి గిన్నె కదిపి చూసేవాణ్ణి. పెరుగు బిగిసేది కాదు. మనలో మార్పు కోసం మనం పడే ఆరాటం చూసినప్పుడల్లా నాకు ఆ గిన్నె గుర్తొస్తుంది.

గలిలయ సముద్రం ఒడ్డున యేసు పరలోక రాజ్యం గురించి చెబుతూ ఇలాంటి వంటింటి పనినే ఎంచుకున్నాడు. ఒక స్త్రీ పులిసిన పిండిని మూడు కుంచాల పిండిలో దాచిపెట్టింది. మూడు కుంచాలంటే సుమారు 40 లీటర్ల కొలత. ఒక ఇంటి భోజనానికి అది చాలా ఎక్కువ, పెద్ద విందుకు సరిపోతుంది. అంత పిండినీ పొంగించింది ఆ కాస్త ముద్దే, అదీ కంటికి కనబడకుండా.

ఇంతకీ పరలోక రాజ్యం అంటే ఏమిటి? మత్తయి తన సువార్తలో ఆ మాట వాడినచోట, మిగతా సువార్తలు రాసినవారిలో మార్కు, లూకా ‘దేవుని రాజ్యం’ అన్నారు. దేవుని పేరు ఉచ్చరించడానికి సంకోచించి ‘పరలోకం’ అనడం యూదుల భక్తి సంప్రదాయమని పండితులు వివరిస్తారు. అంటే ఇది చనిపోయాక చేరే చోటు గురించిన మాట మాత్రమే కాదు. దేవుని ఏలుబడి మనిషిలో ఈరోజే చిన్నగా మొదలవుతుందన్న మాట. చిన్న ఆవగింజ చెట్టంత ఎదిగే ఉపమానం చెప్పేదీ అదే. మార్కు రాసిన మరో ఉపమానంలో రైతు విత్తనం చల్లి నిద్రపోతాడు, లేస్తాడు. మొలక, వెన్ను, గింజ వరుసగా వస్తాయి. ఎలా వచ్చాయో అతనికే తెలియదు. చల్లడం అతని వంతు. మొలిపించడం అతని చేతిలో లేదు.

గోధుమల్లో మొలిచిన గురుగుల గురించి యేసు చెప్పిన కథ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. శత్రువు చల్లిన కలుపును పీకేస్తామని పనివాళ్లు అంటే, కోత దాకా ఆగమంటాడు యజమాని. లేతగా ఉన్నప్పుడు ఆ కలుపు అచ్చం గోధుమలాగే ఉంటుంది, వేళ్లూ పెనవేసుకుంటాయి. సువార్తలోని వివరణ ప్రకారం ఆ పొలం లోకం. అయినా నా మనసునీ అందులో చూసుకుంటాను. మొలక దశలో మొండితనం, పట్టుదల ఒకేలా కనిపిస్తాయి. ఎదురు ప్రశ్నలు వేసే పిల్లవాడి నోరు నొక్కేస్తే తలబిరుసుతోపాటు ధైర్యమూ ఊడి వస్తుంది. ఎదుటివాళ్లను నొప్పించే పనిని వెంటనే ఆపాల్సిందే. స్వభావాన్ని తీర్చిదిద్దుకోవడానికి మాత్రం ఓపిక పట్టాలి.

ఒడ్డున జనమంతా విన్నది ఎదుగుదల గురించి. ఇంట్లోకి వెళ్లాక యేసు శిష్యులకు చెప్పింది వెల గురించి. ఒకడికి పొలంలో దాచిన నిధి అనుకోకుండా దొరికింది. మరొకడు వర్తకుడు, మంచి ముత్యాలకోసం వెతుకుతూ తిరిగినవాడు. దొరికినదాని కోసం ఇద్దరూ ఉన్నదంతా అమ్మేశారు. నిధి దొరికినవాడు సంతోషంతో అమ్మాడు, కీలకం అక్కడే ఉంది. పళ్లు బిగబట్టి కోపాన్ని వదలాలనుకుంటే అది మళ్లీ వస్తుంది. ఇంట్లో అందరూ భయం లేకుండా నవ్వుకునే సాయంత్రం ఎంత విలువైనదో తెలిస్తే, కోపాన్ని వదులుకోవడం నష్టంగా అనిపించదు.

అందుకే ఒక చిన్న మంచి పని ఎంచుకోండి. రోజూ ఒకరి మాట అడ్డుపడకుండా పూర్తిగా వినడం చాలు. మారానా లేదా అని పూటపూటా కొలుచుకోవద్దు. తెల్లారాక పెరుగులో తోడు ఎక్కడుందని వెతికితే దొరకదు. గిన్నె నిండా అదే అయి ఉంటుంది.