ఆర్మీలో చేరితే విమానం నడపవచ్చునా?

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివే మన విద్యార్థులు నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది. ఔననీ కాదనీ ఒక్క ముక్కలో చెప్పడం కష్టం. కాస్త వివరంగా చెప్పుకుందాం.

యుద్ధ విమానాలు నడిపేది ముఖ్యంగా వైమానిక దళం. దాని అకాడమీ మనకు దగ్గరే, దుండిగల్‌లో ఉంది. మన నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1966లో ఎన్.డి.ఏ.లో చేరి, 1970లో వైమానిక దళ పైలట్ అయి, 1984లో రోదసికి వెళ్ళివచ్చారు.

సైన్యం సంగతి వేరు. దానికి జెట్ ఫైటర్లు లేవు, హెలికాప్టర్లున్నాయి. పూర్వం ఫిరంగిదళం అధికారులే చిన్న విమానాల్లో ఎగిరి, గుండ్లు ఎక్కడ పడుతున్నాయో చూసి కిందివాళ్ళకు చెప్పేవారు. ఆ శాఖే పెరిగి 1986 నవంబరు 1న ఆర్మీ ఏవియేషన్ కోర్ అయింది. సియాచిన్ మంచుకొండల్లో సామాను దించడం, గాయపడిన జవాన్లను కిందికి తేవడం దీని పనుల్లో కొన్ని.

ఇక దారి. యు.పి.ఎస్.సి. ఏటా రెండుసార్లు సి.డి.ఎస్. పరీక్ష పెడుతుంది. డెహ్రాడూన్ మిలిటరీ అకాడమీకి ఏ డిగ్రీ అయినా సరే. వైమానిక అకాడమీకి మాత్రం ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్సు ఉండాలి, లేదా ఇంజనీరింగు చదివి ఉండాలి. లెక్కల పేపరు పదో తరగతి స్థాయిదే. తర్వాత అయిదు రోజుల ఎస్.ఎస్.బి. మొదటిరోజు వడపోతలో నిలవనివాళ్ళను ఆ రోజే పంపేస్తారు. అక్కడ 15 సెకన్లకో మాట చొప్పున 60 మాటలు చూపి, తోచిన వాక్యం రాయమంటారు. అశోక్‌నగర్ గదుల్లో బట్టీపట్టిన జవాబులు అక్కడ పనికిరావు. ఇందిరా పార్కులో రోజూ పరుగెత్తడం, నలుగురిలో ధైర్యంగా మాట్లాడటం పనికొస్తాయి.

ఆఫీసరు కాగానే అందరికీ హెలికాప్టరు ఇవ్వరు. ఇతర దళాల్లో పనిచేస్తున్న అధికారులు కోరుకుంటే, వైద్య పరీక్షలోనూ పైలట్ పరీక్షలోనూ నెగ్గితే, నాసిక్‌లో శిక్షణ ఇస్తారు. అభిలాషా బరాక్ 2018లో కమిషన్ పొంది, ముందు గగనతల రక్షణ దళంలో పనిచేసి, 2022లో ఆ శిక్షణ ముగించారు. సైన్యంలో మొదటి మహిళా కంబాట్ ఏవియేటర్ ఆవిడే.

కనుక తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! నారాయణగూడ చౌరస్తాలో టీ తాగుతూ ఫారంలో మొదటి ఐచ్ఛికం ఏది రాయాలా అని వాదించుకునే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఎగిరే అవకాశం ఎప్పటికీ రాకపోతే, సరిహద్దులో జవాన్ల పక్కన నిలబడి ఆ ఉద్యోగం ఇష్టంగా చేయగలనా? చేయగలననుకుంటే సైన్యం రాయండి. ఎగరడమే ప్రాణమైతే, అర్హత ఉన్నవాళ్ళు నేరుగా దుండిగల్ రాయండి. రెండూ గౌరవమైన దారులే; ఏది ఎక్కడికి పోతుందో తెలిసి నడవడం మేలు.