పరుగెత్తువాని మనస్సు



గత మాసమున మా గ్రామపు బడిపిల్లల పరుగుపందెము చూచితిని. ప్రతి దినము పొలముగట్లమీద అందరికంటె ముందు పరుగెత్తు బాలుడొకడు, ఆ దినమున జనమును చూచి బెదరి వెనుకబడెను. తండ్రి అందరియెదుట వానిని పిరికివాడని గద్దించెను. కాళ్లు అవే, బలము అదే. మరి మారినదేమి?

1. భయము చేయు పని

భయము కలిగినప్పుడు గుండె వేగముగా కొట్టుకొనును, ఊపిరి పైపైన ఆడును, కండరములు బిగిసికొనును. కొంత కలవరము మేలే. అది దేహమును మేల్కొలుపును. మితిమీరినయెడల మనస్సు చేయవలసిన పనిని విడిచి, ఎదుటివానిమీదికిని చూచువారి మాటలమీదికిని పోవును. అలవాటుగా పడు అడుగును సయితము సరిగా పడుచున్నదా అని పరీక్షించును. అప్పుడే అడుగు తడబడును.

2. వెనుక చూపు

1954 మే 6న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో రోజర్ బానిస్టర్ అను వైద్య విద్యార్థి మైలు దూరమును 3 నిమిషముల 59.4 సెకండ్లలో పరుగెత్తెను. నాలుగు నిమిషములలోపు మైలు ముగించినవారిలో అతడే మొదటివాడు. 46 దినములకే ఆస్ట్రేలియా దేశస్థుడగు జాన్ లాండీ అతని మించెను. ఆగస్టు 7న కెనడాలోని వాంకూవర్‌లో వారిద్దరు పోటీపడిరి. లాండీ ముందుండెను. కడపటి మలుపున వెనుకవాడెక్కడ ఉన్నాడోయని ఎడమ భుజముమీదుగా చూచెను. ఆ క్షణముననే బానిస్టర్ కుడిప్రక్కగా దాటిపోయి గెలిచెను. ఓటమికి ఆ చూపొక్కటే కారణమనలేము. అయినను మేడి పట్టినవాడు వెనుకకు చూచిన చాలు వంకరపోవునని మనమెరుగుదుము.

3. ఆగుట పిరికితనమా?

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో అమెరికా జిమ్నాస్టు సిమోన్ బైల్స్, గాలిలో తిరుగునప్పుడు తన దేహము ఎటున్నదో తెలియని స్థితి కలిగి, జట్టు పోటీ మధ్యలో తప్పుకొనెను. అట్టి స్థితిలో దుమికినయెడల ప్రాణాపాయము. అనేకులు నిందించిరి. వారము దినములకు తిరిగివచ్చి కంచు పతకము పొందెను. 2024లో పారిస్‌లో మూడు బంగారు పతకములు గెలిచెను.

4. పెద్దలు చేయవలసినది

పందెమునకు ముందే పిల్లలను పదిమంది యెదుట పరుగెత్తించి అలవాటు చేయుడి. నెమ్మదిగా ఊపిరి విడుచుట నేర్పుడి. చూపు నిలుపుటకు ఒక్క గురి ఇయ్యుడి. ఓడినవానిని మొదట దగ్గరకు తీసికొనుడి; లోపము తరువాత చెప్పవచ్చును.

ఆ తండ్రితో నేను మాటలాడితిని. ఇప్పుడు తెల్లవారుజామున కొడుకుతోకూడ తానును గట్టుమీద కనబడుచున్నాడు.

ఆలోచించుటకు:
(1) మన గద్దింపు బిడ్డ భయమును తీర్చునా, పెంచునా?
(2) మీ పనిలో మీ చూపును వెనుకకు లాగునదేది?