మల్లఖంబం

మల్లుడనగా కుస్తీ పట్టే జెట్టి, ఖంబమనగా స్తంభం. మహారాష్ట్రలో పేరు పొందిన ఒక వ్యాయామ సాధనానికి ఈ రెండు మాటలే కలిసి పేరైనాయి. తెలుగువారి 'కంబము' కూడ ఆ ఖంబానికి దగ్గరి చుట్టమే. జెట్టికి ప్రతిదినం జోడీ దొరకదు గనుక స్తంభాన్నే ప్రత్యర్థిగా భావించి పట్లు సాధన చేసేవాడు. నేడు అదే స్తంభం, గంటల తరబడి బల్లపై వంగి కూర్చునే బడిపిల్లల నడుముకు బలాన్నీ, ఒడలికి నిలకడనూ ఇచ్చే సాధనమైంది.

ఈ విద్యను పునరుద్ధరించిన ఘనత బాలంభట్ట దాదా దేవధర్‌ది. ఆయన రెండవ బాజీరావు పీష్వాకు వ్యాయామ గురువు. నిజాం రాజ్యం నుంచి ఆలీ, గులాబ్ అనే జెట్టీలు పుణె దర్బారుకు వచ్చి సవాలు చేశారనీ, బాలంభట్టు స్తంభంపై సాధన చేసి వచ్చి వారికి ఎదురు నిలిచాడనీ చెప్పుకొంటారు. కథకు కల్పన కొంత తోడై ఉండవచ్చు. స్తంభం మాత్రం నిలిచింది.

దీనిని టేకు, శీషం వంటి గట్టి కర్రతో చేస్తారు. మొదలు లావుగా ఉండి, పైకి పోయేకొద్దీ సన్నగిల్లి, మెడ వంటి భాగంపై గుండ్రని తలతో ముగుస్తుంది. ఒరిపిడికి చర్మం దోక్కుపోకుండా కర్రకు ఆముదం పూస్తారు. ఆముదం పూసిన కర్ర జారుతుంది. జారే కర్రను విడువకుండా పట్టడానికి తొడలు, చేతులు, పొట్ట ఒక్కటిగా బిగుసుకోవాలి. ఈ విద్యలోని కిటుకు అంతా ఇక్కడే ఉంది. స్తంభంపై దేహాన్ని అడ్డంగా చాపిన బాలుడికి పొత్తికడుపు, వెన్ను, తుంటి కండరాలు కలిసి పనిచేయకపోతే క్షణమైనా నిలకడ ఉండదు. తలక్రిందులైనప్పుడు లోపలి చెవి, కన్ను, కీళ్లు పంపే వార్తలను సమన్వయపరచుకోవడం మెదడు నేర్చుకొంటుంది.

జిమ్నాస్టిక్స్ పోటీలలో బాలికలు విన్యాసాలు చేసే దూలం 5 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పు, 125 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. నిలకడకు అది కఠిన పరీక్షే. కాని దానికి విశాలమైన హాలు కావాలి. మల్లఖంబానికి ఆవరణలో ఒక మూల చాలు. బాలికలు ఎక్కువగా తాడు మల్లఖంబం సాధన చేసేవారు. వేలాడే నూలుతాడును కాలి బొటనవేలికీ పక్కవేలికీ నడుమ బిగించి, ముడి వేయకుండా పైకెక్కడం అందులోని నేర్పు. ఇప్పుడు వారు స్తంభాన్నీ ఎక్కుతున్నారు.

2013లో మధ్యప్రదేశ్ దీనిని రాష్ట్ర క్రీడగా ప్రకటించింది. 2022లో హర్యానాలో జరిగిన ఖేలో ఇండియా యువజన క్రీడలలో దీనికి స్థానం లభించింది. ముంబైలో తరాల పిల్లలకు ఈ విద్య నేర్పిన ఉదయ్ దేశ్‌పాండేకు 2024లో పద్మశ్రీ వచ్చింది.

అయితే స్తంభం నాటినంత మాత్రాన విద్య రాదు. క్రింద నిలిచి చేయి అందించే గురువు లేనిచోట అది ప్రమాద హేతువు. పిల్లవాడిని మొదటి రోజే పైకి ఎక్కించరాదు. మోచేతులపై, మునివేళ్లపై దేహాన్ని వంగకుండా నిలపడం, ఒంటికాలిపై నిలబడడం ముందుగా నేలమీద అలవడాలి. ఆ తరువాత పట్టు. పట్టుతోపాటే దిగే తీరు. చుట్టూ పరుపులు తప్పనిసరి. పగుళ్లు పట్టిన కర్రపై సాధన సాగనీయరాదు.